కప్పులేని ఇంట్లో కమిటీకి రొట్టెలు

నేను గద్వాలలో హిందీ పండితుణ్ణి. పండితుడంటే పెద్ద మాటే గానీ, సర్కారు బడిలో హిందీ చెప్పేవాణ్ణి ఆ పేరుతో పిలవడం మా శాఖకు అలవాటు, అంతే. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఈ ఇరవై ఏళ్లలో నా హిందీని ఒక్క హిందీవాడి మీదైనా ప్రయోగించే అవకాశం రాలేదు. అందుకే జిల్లా కార్యాలయం నుంచి ఎవరో ఫోన్ చేసి, "సార్, ఢిల్లీకెల్లి పార్లమెంటు కమిటీ వస్తుంది, మీరు జర పక్కన నిలవడి ఆల్ల మాట ఈల్లకు, ఈల్ల మాట ఆల్లకు చెప్పాలె" అనగానే నాకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆ సాయంత్రమే తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. కమిటీ రావడానికి ఇంకా పదిరోజులుంది.

ఆ కమిటీ పని ఏమిటంటే, బీదవాళ్ల ఇళ్ల కోసం పంపిన సర్కారు సొమ్ము నిజంగా ఇళ్లయిందా, గాలిలో కలిసిందా అని తమ కళ్లతో చూసి పార్లమెంటుకు చెప్పడం. పొద్దున వనపర్తి దగ్గర కొన్ని ఇళ్లు, మధ్యాహ్నం గట్టు మండలంలో ఒక ఊరు, సాయంత్రానికి నాగర్‌కర్నూల్. ఏ ఊరికి పోవాలి, ఏ ఇల్లు చూడాలి అన్నది ఇక్కడి వాళ్లు చెప్పడానికి లేదట. ఢిల్లీలోనే జాబితాలోంచి ఏదో ఒకటి ఏరి పంపారు. అలా గట్టు వైపు ఏరిన ఇల్లు మా మేనత్తది.

ఇల్లు అంటున్నాను గానీ దానికి నాలుగు గోడలున్నాయి, తలుపు చట్రాలున్నాయి, పైన ఆకాశం ఉంది. జాబితాలో ఆ ఇల్లు చూసిన హౌసింగు ఏఈకి ఆ రాత్రి జ్వరం వచ్చిందని విన్నాను. మంచివాడే పాపం. ఎప్పుడూ చంకలో ఒక ఫైలు పెట్టుకుని, ఎవరు పలకరించినా ముందు "నా తప్పు లేదు" అన్నట్టు చూసేవాడు.

ఆ ఇంటికి కప్పు ఎందుకు లేదో చెప్పాలి. సర్కారు ఇంటి డబ్బు ఒకేసారి ఇవ్వదు. పునాది లేస్తే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే మిగతాది. ప్రతిసారీ ఇంటామె ఇంటి ముందు నిలబడాలి, ఏఈ తన ఫోనులో ఫొటో తీయాలి, ఆ ఫొటో ఎక్కడికో పోయి, అక్కడ ముఖానికి ముఖం సరిపోలితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది. మా అత్త తన పాత మట్టి మిద్దెను పడగొట్టి ఆ జాగాలోనే పునాది వేసింది. పునాది ఫొటో దిగింది, డబ్బు వచ్చింది. గోడలు లేపింది. గోడల ఫొటోకు ఏఈ వచ్చిన రోజు మూఢం.

మూఢంలో మా అత్త కొత్త చీపురు కూడా కొనదు. అలాంటిది కొత్త గడప ముందు నిలబడి ఫొటో దిగుతుందా? ఏఈ బతిమాలాడు. "ఇయ్యాల తప్పితె మల్ల ఎన్నడొస్తనో నాకే తెల్వదమ్మా" అన్నాడు. అత్త కాసేపు ఆలోచించి, పక్కింట్లో మిషను కుట్టే ముస్లిం ఆవిడను, ఊరంతా ఆపా అని పిలిచే ఆమెను, పిలుచుకొచ్చి గడప ముందు నిలబెట్టింది. ఆపా నెత్తి నిండా కొంగు కప్పుకుని, మహా గంభీరంగా నిలబడింది. ఏఈ ఎండలో ఫోను తెర సరిగా కనిపించక, గడప ముందు ఒక ఆడమనిషి ఉంది కదా అని నొక్కేశాడు.

తర్వాత నేను అడిగితే అత్త ఏమాత్రం తొణకలేదు. "ఆపాకు మూడం లేదు గద అల్లుడా. ఆమె నిలవడితె ఇంటికి ఏం గాదు" అంది.

ఇంటికి ఏమీ కాలేదు గానీ బిల్లుకు అయింది. ముఖాలు కలవలేదని కంప్యూటరు తిప్పి పంపింది. రికార్డు ప్రకారం పునాది మా అత్తది, గోడలు ఆపావి. దాని మీద విచారణ వేశారు. విచారణ ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అంటే ఏఈ ఫైలు ఎడమ చంకలోంచి కుడి చంకలోకి మార్చుకునేవాడు. అలా ఆరు నెలలు గడిచాయి. చేతిలో ఉన్నదంతా గోడలకే అయిపోయింది. ఇక ఇనుముకు, సిమెంటుకు పైసా లేదు. అత్త ఆపా వాళ్ల రేకుల షెడ్డులో, ఆపా మేకల పక్కన, మంచం వేసుకుని ఉంటోంది. పొద్దున్నే విత్తన పత్తి చేనుకు పోయి ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది రావడం, సాయంత్రం తన గోడల మధ్య చీపురు పెట్టి ఊడ్చుకోవడం. కప్పు లేని ఇంట్లో ఊడవడం ఎందుకంటే, "నా ఇల్లు నేను ఊడ్వకుంటె ఎవలూడుస్తరు?" అనేది.

నా దగ్గరికి రమ్మని పిలిచాను. పిలిచాను గానీ నాదీ రెండు గదుల అద్దె కొంపే. గద్వాల జిల్లా అయినప్పటి నుంచి నేను స్థలం కొనబోతూనే ఉన్నాను. నేను ఒక అడుగు వేస్తే ధర నాలుగు అడుగులు వేస్తుంది. రాయచూరు రోడ్డు మీద జొన్న చేన్లన్నీ రంగురంగుల రాళ్లు పాతుకుని ప్లాట్లయి కూర్చున్నాయి. ఆ రాళ్ల మధ్య బండి మీద పోతూ వాటిని చూడటానికి మాత్రం ఎవరూ డబ్బు అడగరు. అత్త ఈ విషయంలో నన్ను ఏనాడూ వదల్లేదు. "ఇరవయ్యేండ్ల నౌకరి, జానెడు జాగ లేదు. నాకు గోడలన్న ఉన్నయి" అనేది. నిజమే కాబట్టి మరీ మండేది.

అసలు సంగతి, రోహిణి కార్తె నడుస్తోంది. ఇంకో రెండు మూడు వారాల్లో వానలు. కమిటీ ముందు ఒక్క ముక్క చెబితే చాలు, పక్కనే పెద్ద అధికారులంతా ఉంటారు, ఆగిన బిల్లు కదులుతుంది. వానలకు ముందు స్లాబు పడుతుంది. చెప్పాల్సింది మా అత్త, చేరవేయాల్సింది నేను. ఇంతకంటే మంచి అవకాశం ఈ జన్మలో రాదని నాకు తెలుసు. అందుకే మూడు సాయంత్రాలు ఆ ఊరికి పోయి అత్తకు తర్ఫీదు ఇచ్చాను.

ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, నేనే ఛైర్మన్ననుకోమన్నాను.

"అమ్మా, నీకేమన్న ఇబ్బంది ఉన్నదా?" అని గొంతు పెంచి అడిగాను.

"ఊట అయ్యిందా సారూ?" అంది అత్త. ఊట అంటే కన్నడంలో భోజనం. ఆ ఊరి పొలిమేర దాటితే కర్ణాటకే కాబట్టి అక్కడందరికీ ఆ మాట వచ్చు.

"అత్తా, ఛైర్మన్ను తిన్నవా అని అడుగొద్దు. కప్పు లేదు, బిల్లు ఆగింది అని చెప్పాలె."

"ఇంటికొచ్చినోనికి బువ్వ పెట్టకముందే బాధ చెప్తరా ఎవలన్న?"

"ఆల్లు చుట్టాలు గాదు. కమిటీ."

"మా ఇంటికొస్తుండ్రా, లేదా?"

"వస్తుండ్రు."

"అయితె చుట్టాలే."

మూడో రోజుకు నా గొంతు బొంగురుపోయింది. అత్త మాత్రం ఎంతమంది వస్తారు, కారం తింటారా, మజ్జిగలో అల్లం వేయాలా వద్దా అని అడుగుతూనే ఉంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు తిండి, తర్వాత బాధ. నేను సైగ చేస్తే చెప్పాలి. సరే సరే అని తల ఊపింది. ఆ తల ఊపడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, దాన్ని నమ్మకూడదనీ తెలుసు. అయినా నమ్మాను.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ఏఈ ఒక షామియానా పట్టుకొచ్చాడు. గోడల మీద నుంచి పరిచి కడితే పైన ఏముందో లేదో ఎవరికీ తెలియదని అతని ఆలోచన. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"నా ఇంట్ల డేరా ఏంది సారూ? నాకేమన్న పెండ్లా?"

"ఎండమ్మా. పెద్దోల్లు వస్తుండ్రు."

"నా ఇంట్ల ఎండ నేను చూసుకుంట. నువ్వు జర పరేషాన్ గాకు."

షామియానా వచ్చిన దారినే పోయింది. ఏఈ ఫైలు నెత్తిన పెట్టుకుని గోడ వారన కూర్చున్నాడు. బండ్లు వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. ఐదుగురు సభ్యులు. ముందు ఛైర్మన్, పెద్దాయన, భారీ మనిషి, మొత్తం బట్టతల. వెనక కళ్లద్దాల సభ్యురాలు ఒకావిడ, చేతిలో పుస్తకం, కలం. మిగతా ముగ్గురూ బండి దిగగానే నీడ ఎక్కడుందా అని వెతికి, లేదని తెలుసుకున్నారు.

వాళ్లు గడప దాటారో లేదో అత్త చాపలు పరిచి కూర్చోబెట్టేసింది. బయట మూడు రాళ్ల పొయ్యి మీద ఆపా జొన్న రొట్టెలు కొడుతోంది. పుంటికూర పప్పు, పల్లీల కారం, చల్ల. "టైం లేదు, టైం లేదు" అని పెద్ద అధికారి ఒకాయన చేతిగడియారం చూపిస్తుంటే అత్త ఆయన చేతిలోనూ ఒక పళ్లెం పెట్టింది. ఎండ ఆ నాలుగు గోడల మధ్య నిలువునా దిగి కూర్చుంది. ఛైర్మన్ గారు రుమాలు తీసి నెత్తిన కప్పుకున్నారు. ఒకరి రొట్టె అయిపోతే రెండోది వేడివేడిగా వచ్చి పడుతోంది. చాలు అనడానికి నోరు ఖాళీ లేదు.

రెండు రొట్టెలయ్యాక ఛైర్మన్ గారు చెమట తుడుచుకుంటూ, ఏదైనా తక్లీఫ్ ఉందా అని అత్తను హిందీలో అడిగారు. నేను సైగ చేశాను. కళ్లతో చేశాను, చేత్తో చేశాను, చివరికి దగ్గాను కూడా.

అత్త చల్ల చెంబు పట్టుకుని, "తక్లీఫ్ ఏముంది, కడుపు నిండ తినమను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరు నెలల విచారణ, మూడు సాయంత్రాల తర్ఫీదు, నా ఇస్త్రీ చొక్కా, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. చేరవేసేవాడు చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, నిజమే. కానీ ఆ క్షణాన నేను చెప్పాల్సినది చెప్పడానికే నిశ్చయించుకున్నాను. గొంతు సవరించుకుని, ఇరవై ఏళ్లుగా దాచుకున్న హిందీనంతా బయటికి తీశాను. "మాన్యవర్! యహ్ మహిలా ఛత్-విహీన్ గృహ్ మే అత్యంత్ వ్యథిత్ హై!" ఈమె కప్పులేని ఇంట్లో మిక్కిలి వ్యథ చెందుతున్నదని.

ఛైర్మన్ గారు రొట్టె పళ్లెంలో పెట్టి చేతులు జోడించారు. ఆయన్ను చూసి మిగతా నలుగురూ జోడించారు. ఆ గ్రాంథిక హిందీ, నా బడి రాగం విని నేను భోజన మంత్రం ఏదో చదువుతున్నానని అనుకున్నారు. పెద్ద అధికారి కూడా కళ్లు మూసుకున్నాడు.

ఇక లాభం లేదని నేల మీదికి దిగాను. "సాబ్, ఇన్‌కా పైసా రుకా హై" అన్నాను. ఈమె డబ్బు ఆగిపోయింది సార్ అని.

ఇది అత్తకు అర్థమైంది. నలభై ఏళ్లుగా ఆపా పక్కింట్లో ఉంటున్న మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? చెంబు కింద పెట్టి ఛైర్మన్ గారి వైపు తిరిగింది. "నై సాబ్, యే గలత్ బోల్రా. హమ్‌కు కుచ్ తక్లీఫ్ నై. ఆప్ ఖావ్!" అంది. వీడు తప్పు చెబుతున్నాడు, నాకే బాధా లేదు, మీరు తినండి అని.

ఐదుగురూ పగలబడి నవ్వారు. నా గ్రాంథిక హిందీ ముక్క అర్థం కాని వాళ్లకు అత్త మాట ఒక్కటీ వదలకుండా అర్థమైంది. ఛైర్మన్ గారు నా భుజం తట్టి, ఇకనుంచి అమ్మతోనే నేరుగా మాట్లాడతామన్నారు. నేను గోడ వారకు పోయి ఏఈ పక్కన కూర్చున్నాను. అతను తన ఫైలులో సగం నా నెత్తి మీదికి జరిపాడు.

కళ్లద్దాల సభ్యురాలు నాలుగు గోడలనూ, పైనున్న ఆకాశాన్నీ ఆరాధనగా చూస్తూ ఇంగ్లీషు కలిపిన హిందీలో ఏదో అడిగింది. అర్థం కాకపోయినా అత్త "హావ్, హావ్" అంది, అవునవునని. ఆమె రాసుకుంది. ఇంకోటి అడిగింది. అత్త మళ్లీ "హావ్" అంది. వెళ్లేముందు గడప దగ్గర అందరూ కలిసి ఫొటో దిగారు. ఆరోజు మూఢం లేదు కాబట్టి అత్త మధ్యలో నిలబడింది. పిండి చేతులతో ఉన్న ఆపాను కూడా లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది. ఆ ఇద్దరినీ ఒకే గడప ముందు చూసి ఏఈ ముఖం పాలిపోయింది.

బండ్ల దుమ్ము అణగకముందే నేను అత్త మీద విరుచుకుపడ్డాను. పెద్ద చిన్న చూడలేదు. వానొస్తే ఏం చేస్తావు, ఇంకో ఆరు నెలలు మేకల పక్కన పడుకుంటావా, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా అని అరిచాను.

అత్త పళ్లేలు ఏరుకుంటూ అంతా విన్నది. విని నిదానంగా అంది. "నడిమిట్ట మధ్యాన్నం కూసోవెట్టిన. డేరా గూడ వద్దన్న. ఒకటి తినంగనే ఒకటేసిన, లెవ్వకుండ. ఆ సాబ్ నెత్తి మీద రుమాలేసుకుండె. ఇంట్ల కూసోని నెత్తి మీద ఎండ పడుతుంటె, ఈ ఇంటికి కప్పు లేదని మల్ల నేను నోటితోని చెప్పాల్నా? ఇంటికొచ్చినోల్లకు ఎంత చెప్పాల్నో గంత చెప్పిన."

ఆమె అమాయకత్వం వల్ల పని చెడిందనుకున్నాను. ఆమె తన అర్జీ పెట్టనే పెట్టింది. దాన్ని చదవడం నాకు రాలేదు, పండితుడినై ఉండి. చాలా సిగ్గేసింది. మిగిలిన రెండు రొట్టెలు పెడితే తలవంచుకుని తిన్నాను.

కమిటీ పెద్ద నివేదిక ఎప్పుడొస్తుందో గానీ, ఆ పర్యటనలో ఏం చూశారో రాసిన కాగితం మాత్రం కొన్ని వారాలకు గద్వాల చేరింది. ఏఈ దాన్ని పట్టుకుని మా బడికే వచ్చాడు, ఇంగ్లీషులో ఉంది, కలిసి చదువుదామని. ఇద్దరం చింతచెట్టు కింద కూర్చుని చదివాం. "ఈ ఇంటిని మధ్యలో ఆకాశం కనిపించేలా స్థానిక పద్ధతిలో కట్టుకున్నారు. గాలి, వెలుతురు ధారాళంగా ఉన్నాయి. సభ్యులు ఈ ఇంట్లోనే భోజనం చేశారు. యజమానురాలు తనకు ఏ ఇబ్బందీ లేదని స్వయంగా తెలిపారు. ఇలాంటి ఇళ్లను మిగతా చోట్ల కూడా ప్రోత్సహించాలి" అని ఉంది. ఏఈ రెండుసార్లు చదివాడు. తర్వాత ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి లోపలికి పోయారు.

ఆదివారం పోయి అత్తకు చదివి చెప్పాను. అప్పటికే తొలకరి రెండు వానలు పడ్డాయి. ఆమె తన ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తోడి బయట పోస్తోంది. అంతా విని, చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "అయిదు మందిల ఒక్కలకు గూడ సమజ్ గాలేదా?" అంది. అప్పుడు ఆమె ముఖం చూడటం నా వల్ల కాలేదు. నేనూ ఒక చెంబు తీసుకుని తోడటం మొదలుపెట్టాను.

పని జరిగింది ఆ కాగితం వల్లే. అక్కడే కదా విచిత్రం. జిల్లా కార్యాలయంలో ఆ కాగితం చదివిన ప్రతివాడికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. సభ్యులు కూర్చుని తిన్న ఇల్లు రికార్డులో చూస్తే గోడల బిల్లు దగ్గరే ఆగి ఉంది. ఆ ఇల్లు కాలేదంటే పార్లమెంటు కమిటీ అబద్ధం రాసినట్టు. అయిందంటే, మరి డబ్బు ఎందుకివ్వలేదని రేపు కమిటీ అడుగుతుంది. ముఖాల గొడవ ఉంది కదా అని ఒకాయన అంటే, ఇంకొకాయన కమిటీ ఫొటో బల్ల మీద పెట్టాడట. ఛైర్మన్ పక్కన మధ్యలో నిలబడింది ఇంటామె, ఆమె పక్కన పిండి చేతులతో ఉన్నది పక్కింటామె. ఆరు నెలలు తేలని విచారణ ఆ ఫొటోతో ఒక పూటలో ముగిసింది. గోడల బిల్లు ఆ వారమే పడింది. ఇంకెవరూ వచ్చి చూడకముందే పైన స్లాబు వేయించే బాధ్యత ఏఈ నెత్తిన పెట్టారు.

ఏఈ ఈసారి చంకలో ఫైలుతో పాటు పంచాంగం కూడా తెచ్చుకున్నాడు. "అమ్మా, ఆషాడం నడుస్తుంది. మంచి రోజు మీరే చెప్పుండ్రి. కానీ జర తొందరగ చెప్పుండ్రి" అని చేతులు కట్టుకున్నాడు.

"ఒక్కపారి మూడమంటె ఆర్నెల్లు ఎండల నిలవడ్డది నా ఇల్లు. ఇగ నన్నేం అడుగకు సారూ. ఇయ్యాలనే పోయించు" అంది అత్త.

వాన తెరిపి ఇచ్చిన ఒక శుక్రవారం స్లాబు పోశారు. పనివాళ్లందరికీ ఆపా, అత్త రొట్టెలు కొట్టారు. పూర్తయ్యాక ఏఈ ఫోను తీసి, అత్త ముఖాన్ని దగ్గరగా, ఇంకా దగ్గరగా, ఆమె విసుక్కునే దాకా చూసి మరీ ఫొటో తీశాడు. స్లాబు కింది చెక్కలు విప్పాక కూడా అత్త వెంటనే మంచం మార్చలేదు. ఆరాలి, ఆరాలి అంటూ ఇంకో వారం షెడ్డులోనే ఉంది. కప్పును నమ్మడానికి ఆమెకు కొంత సమయం పట్టిందని నా అనుమానం.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుండగా ఫోను మోగింది. అత్త పగలు ఎప్పుడూ ఫోను చేయదు. ఏమైందోనని గాబరాగా వరండాలోకి వచ్చాను. గద్వాలలో ఎండ కాస్తోంది.

"అల్లుడా, ఈడ వాన పడుతుంది. మస్తు పడుతుంది."

"పడనీ అత్తా."

"ఆపా షెడ్డు కురుస్తుందిరా. ఆమెను ఈడికే తోల్కొచ్చిన. మేకలను గూడ తెచ్చిన. అన్నీ ఇంట్లనే ఉన్నయి."

"మంచి పని చేసినవ్."

మేకల అరుపులు వినిపించాయి. ఆపా వాటిని ఏదో అదిలిస్తోంది. ఆ చప్పుళ్ల మధ్య ఇంకో చప్పుడు వినిపించింది. అత్త ఏడుస్తోంది. మిద్దె పడగొట్టిన నాడు కూడా ఏడవని మనిషి.

"అల్లుడా," అంది, "ఇంట్ల పడుతలేదు."